గోదారి లంకలో వాంపైర్ ప్రేమ: సీరియల్ రాసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మనుషుల నెత్తురు తాగుతూ చావు లేకుండా బతికే వాంపైర్‌తో కోనసీమలో జరిగే ప్రేమకథ రాసుకుని, సీరియల్‌గానో వెబ్ సిరీస్‌గానో చేద్దామనుకునేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. కథలు వేరైనా అడిగే సందేహాలు తిరిగి తిరిగి అవే. అందుకే ఒకచోట చేర్చాను. దేనికదే విడి జవాబు, కాబట్టి మీ కథ ఏ దశలో ఉంటే అక్కడ చదువుకోండి.

## కథ అనుకునేటప్పుడు

విషాదాంతం అంటే చివర్లో ఎవరో ఒకరు చచ్చిపోతే సరిపోతుందా అండీ?

సరిపోదు. చివరి ఎపిసోడ్‌లో హీరోని లారీ గుద్దినా విషాదమే, దానికి వాంపైర్ ఎందుకు? వాళ్లను కలిపిన కారణమే వాళ్లను విడదీయాలి. 1997లో అమెరికాలో మొదలైన 'బఫీ ద వాంపైర్ స్లేయర్' సీరియల్‌లో ఏంజెల్ అనే వాంపైర్‌కి ఒక శాపం ఉంటుంది. పోయిన ఆత్మ తిరిగొచ్చింది గానీ, ఒక్క క్షణం పరిపూర్ణమైన సుఖం దొరికితే మళ్లీ పోతుంది. ఆ సుఖం అతనికి దొరికేది నాయిక దగ్గరే. మధ్యలో విలన్ వచ్చి చేయాల్సిన పని లేదు, ప్రేమ నిజమైతే చాలు, కొంప మునిగినట్టే. మీ కథలో అలాంటి ముడి ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పగలిగాకే మొదటి సీను రాయండి.

వాంపైర్ మనది కాదు కదా, మన దెయ్యాన్నే పెట్టుకుంటే పోలా?

పెట్టుకోవచ్చు, కానీ అది వేరే కథ అవుతుంది. మన దెయ్యానికి ఒళ్లుండదు. చింతచెట్టు మీద కూర్చుంటుంది, ఎవరికో పడుతుంది, తీరని కోరిక తీరిస్తే వదిలిపోతుంది. వాంపైర్‌కి ఒళ్లుంది, ఆకలుంది, చెయ్యి పట్టుకుంటే చల్లగా తగులుతుంది. కోరిక తీరినా ఎక్కడికీ పోడు, రేపు రాత్రికి మళ్లీ ఆకలేస్తుంది. ప్రేమకథకి కావాల్సింది ఆ ఒళ్లూ ఆ ఆకలీ.

అతను పరాయి సరుకని దాచకండి. ఊరివాళ్లు దెయ్యమే అనుకుని వేపమండలు, తాయెత్తు, ఎండుమిరపకాయల పొగ అన్నీ ప్రయోగిస్తారు. ఏదీ పని చేయదు. ఒకటి రెండు ఎపిసోడ్లు నవ్వుతూ చూస్తారు. తమ దగ్గర ఉన్న మందులన్నీ అయిపోయాయని ఊరికి తెలిసే ఎపిసోడ్‌లో ఆ నవ్వు ఆగుతుంది.

డెల్టాలోకి వాంపైర్ ఎక్కణ్నుంచి వచ్చాడని చెప్పాలి?

దారులు చాలా ఉన్నాయి. కోరంగి పెద్ద ఓడరేవుగా ఉండేది. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఉప్పెన దాన్ని తుడిచిపెట్టింది. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్లది. నరసాపురం, పాలకొల్లుల్లో డచ్చివాళ్లు వ్యాపారం చేశారు. ఓడ దిగినవాళ్లలో ఒకడనేస్తే సులువు. అందుకే అందరూ అదే రాస్తారు.

నాకైతే లంకలో, అంటే ఏటి మధ్య దీవిలో, పుట్టినవాడే కావాలి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకుముందు పక్కనే గోదారి పారుతున్నా జనం కరువుకి పోయేవారు. 1833 కరువులో చావబోతున్న కుర్రాడి దగ్గరికి ఒకడొచ్చి "ఇక నువ్వు ఆకలితో చావవు" అన్నాడనుకోండి. కుర్రాడు నమ్మి మెడ వంచాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు. కుర్రాడు చావలేదు. ఆకలే పోలేదు. ఆనకట్ట వచ్చి, కాలువలు తవ్వి, నేలంతా అన్నపూర్ణ అయ్యాక ఊరు మొత్తం మీద ఆకలితో మిగిలినవాడు అతనొక్కడే. ఓడ దిగిన దొర కంటే ఇతని మీద జాలి ముందు పుడుతుంది.

అంతర్వేది రక్తవిలోచనుడి కథ వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు, కానీ హీరోని అతని వంశస్థుణ్ని మాత్రం చేయకండి. స్థలపురాణం ప్రకారం రక్తవిలోచనుడనే రాక్షసుడి నెత్తురు ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రక్తవిలోచనులు పుట్టుకొస్తారు. నరసింహస్వామి అతన్ని చంపేటప్పుడు నెత్తురు నేలను తాకకుండా అమ్మవారు నాలుక పరిచింది. గుర్రాలక్కగా కొలిచేది ఆ తల్లినే. హీరోని ఆ వంశంలో పెట్టారంటే చూసేవాళ్లకి అతను రాక్షసుడు, ఎప్పుడు చస్తాడా అని ఎదురుచూస్తారు. ప్రేమ అక్కడితో సరి. గుడి మనోభావాల గొడవ అదనం.

దానికంటే అక్కడి ఉత్సవం వాడండి. మాఘశుద్ధ దశమి రాత్రి స్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. రాత్రి కల్యాణం జనంలో ఆమె పక్కనే నిలబడ్డవాడు, మధ్యాహ్నం రథం లాగేటప్పుడు లేడు. "రేపు కూడా వస్తావు కదా" అని ఆమె ముందురోజు అడిగి ఉంటే చాలు, ఆ ఎండలో ఆమె ఎదురుచూపే ఎపిసోడ్.

## నియమాలు పెట్టుకునేటప్పుడు

ఎండ తగిలితే కాలిపోవాల్సిందేనా?

మీ ఇష్టం. 1897 నాటి 'డ్రాకులా' నవలలో డ్రాకులా పగలు తిరుగుతాడు, బలం మాత్రం తగ్గుతుంది. ఎండకి చచ్చిపోవడం 1922లో వచ్చిన 'నోస్ఫెరాటు' అనే జర్మన్ మూకీ సినిమాతో స్థిరపడింది. ప్రేమకథకి ఈ రెండోదే మంచిది, ఎందుకంటే కలిసుండే సమయానికి లెక్క దొరుకుతుంది. మన డెల్టాలో డిసెంబరు రాత్రి 13 గంటలకు కాస్త తక్కువ, జూన్ రాత్రి 11 గంటలకు కాస్త తక్కువ. కథ సంక్రాంతి నెలలో మొదలై ఏరువాక వైపు నడిస్తే వాళ్ల రాత్రి తనంతట తానే కురచవుతుంది.

ఇంకొకటి. పల్లెలో రాత్రి సూర్యోదయం దాకా ఉండదు. ధనుర్మాసంలో నాలుగున్నరకే గుళ్లో మైకు మోగుతుంది, ఆడవాళ్లు కళ్లాపి చల్లి ముగ్గులకి కూర్చుంటారు. అతను ఎండ కంటే ముందు పక్కింటి పిన్నిగారిని తప్పించుకోవాలి.

పారే నీళ్లు దాటలేడన్న నియమం డెల్టాలో పెడితే కథ కదలదేమో?

నన్నడిగితే డెల్టాలో రాయడానికి అసలు కారణమే ఈ నియమం. వాంపైర్ పారే నీటిని దాటలేడన్నది పాత నమ్మకం. 'డ్రాకులా' నవలలో దానికి ఒక సందు ఉంది: పోటు వచ్చి నీళ్లు ఎక్కినప్పుడో, పోటుకీ, నీళ్లు దిగిపోయే పాటుకీ మధ్య నీళ్లు నిలిచినప్పుడో దాటగలడు. ఇప్పుడు మన పటం చూడండి. ధవళేశ్వరం దిగువన గోదారి గౌతమి, వశిష్ఠగా చీలుతుంది, వశిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. కింద సముద్రం. మధ్యలో లెక్కలేనన్ని కాలువలు, బోదెలు. మీ హీరో ఏ ఊళ్లో ఉన్నా నీళ్ల మధ్య బందీ.

ఏటి పాయల్లో పోటుపాట్లు ఉంటాయి. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా. అంటే సఖినేటిపల్లి రేవులో అతను పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం వైపు రాగలిగే ఘడియ రోజూ జరిగిపోతూ ఉంటుంది. ఇవాళ రాత్రి పదింటికి కలిస్తే రేపు పదకొండు కావస్తుంది, కొన్నాళ్లకి ఆ ఘడియ తెల్లవారుజాములోకి జారుతుంది. ప్రేమికుల మధ్య దూరం పెంచడానికి వేరే కుట్రలు అక్కర్లేదు, పంచాంగం చాలు.

కాలువల సంగతి ఇంకా బాగుంటుంది. రబీ అయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు. పూడిక తీయడాలు, గట్ల మరమ్మతులు అప్పుడే. నీళ్లు పారని ఆ కొన్ని వారాలు అతను కాలువ అడుగున నడిచి ఏ ఊరికైనా పోగలడు. ప్రేమ అప్పుడు పుట్టాలి. జూన్‌లో ఖరీఫ్‌కి నీళ్లు వదులుతారు. "కాలువలకు నీటి విడుదల" అన్న వార్త పేపర్లో పడ్డ రోజు డెల్టా మొత్తానికి పండగ, ఇద్దరికి తప్ప. ఊరి సంతోషమే వాళ్ల వినాశనం. ఊళ్లో ఎవరినీ తప్పు పట్టలేం. ఇంతకంటే మంచి ముడి ఈ నేలమీద దొరకదు.

"లోపలికి రండి" అని పిలిస్తేనే రావాలన్న నియమం గోదారి ఇంట్లో ఎలా నిలుస్తుంది?

నిలవదు. మనవాళ్లు దారిన పోయేవాణ్ని కూడా వదలరు: "గుమ్మంలో నిలబడిపోయారేంటండీ, లోపలికి రండి! కాసిని మంచినీళ్లన్నా తాగెళ్లండి, ఆయ్." కాబట్టి నియమానికి ఒక మెలిక పెట్టండి. ఇల్లు ఎవరి పేరున ఉందో వాళ్లే పిలవాలి.

కోనసీమలో తల్లి కువైట్‌లో పనిచేసి పంపిన డబ్బుతో కట్టిన ఇళ్లు ఎన్నో. అలాంటి ఇల్లు అమ్మ పేరునే ఉందనుకోండి. వీడియో కాల్‌లో కూతురు "అమ్మా, ఈయన్ని లోపలికి రమ్మని చెప్పవే" అంటుంది. వాంపైర్ కెమెరాలో పడడు. అమ్మకి కనిపించేది ఖాళీ అరుగు, దాన్ని చూసి సిగ్గుపడుతున్న కూతురు. ఆవిడ "ఎవర్నే?" అంటుంది. నవ్వుతో మొదలైన సీను ఆ ఒక్క మాటతో మారిపోతుంది. వేల మైళ్ల దూరంలో ఉన్న తల్లికి, కూతురికి ఏదో అయిందని మొదట తెలిసేది అక్కడే.

అద్దం, వెల్లుల్లి, శిలువ, వెండి అన్నీ పెట్టాలా?

వద్దు. మూడు నియమాలు దాటితే ప్రేక్షకుడికి గుర్తుండవు, రచయితకీ గుర్తుండవు. 1833లో లంకలో వాంపైర్ అయినవాణ్ని శిలువ ఎందుకు ఆపుతుందో కూడా మీరు చెప్పుకోవాలి. వెల్లుల్లి పెట్టారంటే వేసవిలో ఆవకాయలు కలిపే వారం హీరో ఊళ్లో ఉండలేడు. కామెడీ కావాలంటే ఒక్క సీనుకి ఉంచుకోండి.

## ప్రేమ రాసేటప్పుడు

అతనికి రెండువందల ఏళ్లు, ఆమెకి పాతిక. ఇది ఇబ్బందిగా అనిపించదా?

అనిపించాలి, దాన్ని కథలోనే ఎదుర్కోవాలి. కాలేజీ పిల్లని పెట్టకండి. పని ఉన్న మనిషిని పెట్టండి: రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో టెక్నీషియన్, ఆసుపత్రిలో నైట్ డ్యూటీ నర్సు. రాత్రి మేలుకుని ఉండడానికి ఆమెకి సొంత కారణం దొరుకుతుంది. చెరువులో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతుంటే, ఆక్సిజన్ పడిపోతుందేమోనన్న కంగారులో ఉన్న అమ్మాయి దెయ్యానికి భయపడే తీరిక లేకుండా ఉంటుంది.

అతనికి మనసుల్ని లొంగదీసే శక్తి ఇవ్వకండి. చూపుతో ఒప్పించగలిగేవాడికి ఆమె చెప్పిన "సరే"కి విలువ లేదు. ఆ అనుమానం ఒక్కసారి పడితే ఆ తర్వాత ఎన్ని మంచి సీన్లు రాసినా కడుక్కోలేరు.

రక్తం తాగే సీను ఎలా రాయాలి? అసభ్యంగా ఉంటుందేమో.

మెడ మీద కెమెరా పెట్టేకంటే లెక్క మీద పెట్టండి. మన దేశంలో రక్తదానానికి ఒకసారి తీసేది 350 లేదా 450 మిల్లీలీటర్లు. మగవాళ్లకి మూడు నెలలు, ఆడవాళ్లకి నాలుగు నెలలు విరామం ఉండాలి. నాయిక నర్సయితే ఈ సంగతి ఆమెకి నోటికొచ్చు. తన ఒంట్లోంచి నాలుగు నెలలకి ఒకసారి ఇవ్వగలదు. అతనికి ప్రతి రాత్రీ కావాలి. ఆ తేడాని ఎవరి నెత్తురు పూడుస్తుంది? ప్రేమ ఎంత గొప్పదైనా ఈ తీసివేత తప్పదు.

ఆమె తన హద్దు తానే దాటడం మొదలుపెడితే ఊరు గమనిస్తుంది. హీమోగ్లోబిన్ 12 ఉండాల్సిన చోట 7 అని రిపోర్టు వస్తుంది. ఆశా కార్యకర్త ఐరన్ మాత్రలిస్తుంది. అమ్మమ్మ తోటకూర, బెల్లం, నువ్వులుండలు పెడుతుంది. మనవరాలు తిన్నదంతా ఎక్కడికి పోతోందో తెలియక ఆ ముసలావిడ పడే తిప్పలు చూపిస్తే, ఒక్క నెత్తుటి చుక్క చూపించకుండానే సీను వణికిస్తుంది.

పాతకాలపువాడు కదా, గ్రాంథికంలో మాట్లాడించాలా?

అస్సలొద్దు. 1833లో కూడా లంకలో కుర్రాడు పుస్తకాల భాష మాట్లాడలేదు. యాసలోనే మాట్లాడించండి, పాతదనం కొలతల్లోంచి, పేర్లలోంచి రానివ్వండి. ధాన్యాన్ని బస్తాల్లో కాకుండా పుట్లలో, కుంచాల్లో చెబుతాడు. ఇప్పుడు వంతెన ఉన్నచోటిని ఇంకా రేవనే అంటాడు. మర్యాద కూడా పాతదే:

"మీ చెరువుకాడ దీపాలు తెల్లార్లూ ఆర్పరేంటండీ?"

"ఆర్పితే రొయ్యలు మిగలవండి. మీరేంటి, ఆ కొబ్బరిచెట్టు చాటునుంచే మాట్లాడతారా ఎప్పుడూ?"

ఇద్దరూ చాలాకాలం 'మీరు' అనే పిలుచుకోవాలి. ఆమె మొదటిసారి 'నువ్వు' అన్న ఎపిసోడ్‌కి ముద్దు సీనంత బలం వస్తుంది.

రెండో హీరో ఉండాలా?

ఉంటే మంచివాడై ఉండాలి. పగలు ఆమెని బండిమీద అమలాపురం తీసుకెళ్లగలిగినవాడు, ఎండలో ఆమెతో కలిసి చెమట పట్టగలిగినవాడు. దుర్మార్గుణ్ని పెడితే ఆమె ఎంచుకోవాల్సింది ఏమీ మిగలదు.

## ఎపిసోడ్లు నడిపేటప్పుడు

టీఆర్పీ బాగుంటే ఛానల్ పొడిగించమంటుంది. అప్పుడు విషాదం ఏమవుతుంది?

అపార్థాలు, గతం మర్చిపోవడాలు, కవల సోదరుడు వచ్చి చేరడాలు... వీటితో పొడిగిస్తే ప్రేక్షకుడికి విధి మీద నమ్మకం పోతుంది. నదిని నమ్ముకోండి. గోదారికి ఏటా వరదొస్తుంది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. లంకలో ఇరుక్కున్న వాంపైర్‌కి ఇవి మూడు వారాల శనివారం ముగింపులు. మొదటి హెచ్చరికకి ఊరు సామాన్లు సర్దుతుంది, రెండోదానికి పడవలెక్కుతుంది, మూడోదానికి లంకలో మిగిలేది అతనొక్కడు. పడవలో కూర్చున్న ఆమె వెనక్కి చూస్తుంటే "అక్కడింకా ఎవరైనా ఉన్నారా అమ్మా?" అని సరంగు అడుగుతాడు. ఆమె ఏం చెప్పాలి?

ఫ్లాష్‌బ్యాక్‌లో అతని పాత ప్రేమ పెట్టవచ్చా?

ఒక్కటి పెట్టండి, రెండోది పెడితే అతను మైనర్ బాబు అయిపోతాడు. కాలం ఎంచుకోవాలంటే 1995 మంచిది. ఆ జనవరి 8న పాశర్లపూడి గ్యాస్ బావిలో బ్లోఅవుట్ జరిగి, అంటే గ్యాస్ అదుపు తప్పి ఎగదన్ని, మంటలు మార్చి 15 దాకా ఆరలేదు. ఆ వెలుగు మైళ్ల దూరానికి కనిపించేది. చీకట్లో మాత్రమే బతికేవాడికి రెండు నెలలపాటు చీకటి లేదు. మంట వెలుగు అతన్ని చంపదు, కానీ దాక్కోనివ్వదు. ఆ వెలుతుర్లో పాత ప్రేయసి అతని ముఖం మొదటిసారి పూర్తిగా చూసిందనుకోండి, మిగతాది మీరు రాయగలరు.

ఒక హద్దు మాత్రం పాటించండి. 1996 నవంబరు 6 తుపానులో కోనసీమలో ఇంటికో కథ ఉంది. అలాంటి నిజం చావుల్ని వాంపైర్ ఖాతాలో వేయకండి. చూసేవాళ్లలో వాళ్ల పిల్లలుంటారు.

అన్నీ రాత్రి సీన్లే అయితే బడ్జెట్ ఒప్పుకుంటుందా?

ఒప్పుకోదు. సగం సీన్లు తలుపులేసిన గదుల్లో, కొబ్బరి వలుపు షెడ్లలో, పాత మిల్లుల్లో రాయండి. వాటిని పగలే తీసేస్తారు. ఆరుబయట రాత్రి సీను వారానికి ఒకటి చాలు, అదీ దీపాలు ఎలాగూ ఉండే చోట: తీర్థం, పెళ్లిపందిరి, చెరువు గట్టు.

మూఢనమ్మకాలు పెంచుతున్నారని అభ్యంతరం రాదా?

టీవీకైతే 1994 కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ రూల్స్‌లోని ప్రోగ్రామ్ కోడ్ వర్తిస్తుంది. మూఢనమ్మకాల్ని ప్రోత్సహించే కార్యక్రమాలు కుదరవని అందులో ఉంది. కట్టుకథ అని ముందే చెప్పండి. తాయెత్తు కట్టిస్తే రోగం తగ్గినట్టు, మంత్రగాడు చెప్పినవన్నీ నిజమైనట్టు చూపించకండి. ఓటీటీకైతే 2021 ఐటీ రూల్స్ ప్రకారం వయసు వర్గీకరణ తప్పనిసరి, కాబట్టి నెత్తురు ఎంత చూపిస్తారో రాసే ముందే తేల్చుకోండి.

## ముగింపు రాసేటప్పుడు

చివర్లో అతన్ని మామూలు మనిషిని చేసేస్తే తప్పా?

ఉచితంగా చేస్తే తప్పు. వంద ఎపిసోడ్లు కుదరదని చెప్పి నూట ఒకటో దాంట్లో మూలిక దొరికిందంటే చూసినవాళ్లు మోసపోయినట్టే. మనిషైన క్షణం నుంచి రెండువందల ఏళ్లూ ఒంటిమీదికి వస్తాయంటే సరే. అప్పుడు వాళ్లకి మిగిలేది ఒక్క పగలు. ఆ పగలు ఎలా గడిపారో చూపించండి: ఎండలో నడిచారా, పెసరట్టు తిన్నారా, గొడవపడ్డారా.

ఆమె కూడా వాంపైర్ అయిపోతే సుఖాంతమే కదా?

ఆమె ఏం పోగొట్టుకుందో చూపించకపోతేనే సుఖాంతం. సంక్రాంతి పొద్దు లేదు, నోటికి రుచి లేదు, కువైట్ నుంచి తిరిగొచ్చిన తల్లి ఎదుట పడలేదు. పైగా ఇప్పుడు ఇద్దరికీ ఆకలి. ముగింపులన్నిట్లో ఇదే క్రూరమైనదని నా అభిప్రాయం. ధైర్యముంటే రాయండి, కానీ కింద పెళ్లిపాట వేయకండి.

మరి విడదీసేది ఎవరు కావాలి? విలనా, ఊరా, దేవుడా?

ఆమే. డెల్టా కాలువలకి నీళ్లు ఆపి వదిలే లాకులుంటాయి, వాటి దగ్గర గేట్లు తిప్పే లస్కర్లుంటారు. నాయిక తండ్రి లస్కరనుకోండి. వేసవిలో కాలువ ఎండినన్నాళ్లూ ఆ అడుగునే నడిచి వాంపైర్ ఆమె ఊరికి వచ్చేవాడు, పారే నీళ్లు దాటలేడు కాబట్టి. జూన్‌లో నీళ్లు వదలాల్సిన రాత్రి తండ్రికి ఒంట్లో బాగోలేదు. కింద ఆయకట్టులో నారుమళ్లు ఎదురుచూస్తున్నాయి. గేటు చక్రం తిప్పాల్సింది ఆమె. తిప్పితే అతను అవతలి గట్టునే ఉండిపోతాడు. తిప్పకపోతే ఊరికి నీళ్లు లేవు. ఒకప్పుడు నీళ్లు లేకే కరువులో చావబోయినవాడు అతను. అందుకే "తిప్పండి" అనే మాట అతనే అనాలి. చక్రం తిప్పే చెయ్యి మాత్రం ఆమెదే కావాలి.

ఛానల్‌కి చూపించడానికి ఏం తయారు చేసుకోవాలి?

ఒక పేజీ కథాంశం, అర పేజీలో మీ వాంపైర్ నియమాలు, మొదటి పది ఎపిసోడ్ల వన్‌లైన్లు, డైలాగులతో పూర్తిగా రాసిన ఒక ఎపిసోడ్. వీటితోపాటు చివరి ఎపిసోడ్ చివరి సీను కూడా రాసి పెట్టుకోండి. ముగింపు మీ దగ్గర ఉందంటే పొడిగింపు గురించి మాట్లాడేటప్పుడు మీ మాట చెల్లుతుంది. ఎవరికైనా వినిపించే ముందు రచయితల సంఘంలోనో కాపీరైట్ కార్యాలయంలోనో నమోదు చేయించండి. వినిపించేటప్పుడు "ట్విస్ట్ ఏంటి?" అని అడుగుతారు. ట్విస్ట్ లేదని, ఏం జరగబోతోందో మూడో ఎపిసోడ్‌కే ప్రేక్షకుడికి తెలిసిపోతుందని, తెలిశాక కూడా చూస్తాడని చెప్పండి.